లంగరు వేయడం రానివాడు

"లంగరు వెయ్యడం వచ్చా నీకు?" అని అడిగాడు అరిముర.

ఇవాసె తెప్పేకి చెంప మీద కొట్టినట్టయింది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. అందులో సగం తెరచాప పడవల మీదే గడిచింది. సెతో సముద్రంలో పందేలు గెలిచి తెచ్చిన కప్పులు ఇంట్లో ఎక్కువైపోయి, వాళ్ళమ్మ వాటిలో ముల్లంగి ఊరగాయ పెట్టుకుంటోంది. అలాంటివాణ్ణి అడగాల్సిన ప్రశ్న కాదది.

"వచ్చు సార్."

"ఏపాటి?"

"కోబె నుంచి షిమొనొసెకి దాకా ఏ రేవులోనైనా, ఎంత గాలిలోనైనా ఒక్కసారికే నిలబెడతాను."

"అదంతా మర్చిపో. ఎల్లుండి దాకా నీకు లంగరు వెయ్యడం రాదు. ఇది ఆర్డర్."

1984 వేసవి. జపాన్‌లో కోబె రేవు వెనక సందులో, కాఫీ గింజలు వేయించే కొట్టు మీద మూడో అంతస్తు. తలుపుకి 'నౌకా బీమా సలహాదారులు' అని బోర్డు. లోపల బీమా గురించి తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఆ ఆఫీసుకి అధిపతి అరిముర. బట్టతల, సన్నటి గొంతు. ఎదుటివాడి చొక్కా గుండీలు చూస్తూ మాట్లాడతాడు.

"సబ్‌మెరైన్‌కి దాని ప్రొపెల్లర్ చప్పుడే వేలిముద్ర," అన్నాడు ఇవాసె రెండో గుండీతో. "ఒక్కసారి టేపు మీదకి ఎక్కిందా, ఇక ఏ సముద్రంలో దాక్కున్నా పట్టేస్తారు. పట్టాక ఏం చేస్తారో నీకు చెప్పక్కర్లేదు. లోపల డెబ్బై మంది మనవాళ్ళుంటారు."

"ఎవరు సార్ వినేది?"

"పరాయివాళ్ళు. పేరెందుకు? మన కొత్త సబ్‌మెరైన్ ఎల్లుండి పొద్దున, పోటు నిలిచే వేళకి నగిషిమ దీవి పక్కనుంచి బయటి సముద్రానికి పోతుంది. మొదటిసారి. అక్కడ నీటి కింద వాళ్ళొక చెవి పెట్టారు. మైక్. దాని తీగ నగిషిమ రేవులోకే వస్తోంది. రేవులో ఏ ఇంటికి వెళ్తోందో, ఆ ఇంట్లో ఎవడున్నాడో తెలీదు."

"డైవర్లని దింపితే?"

"ఆ ఊళ్ళో కొత్త పిల్లి దిగినా మధ్యాహ్నానికి అందరికీ తెలుస్తుంది. మనం వెతుకుతున్నామని వాసన తగిలిందా, ఈ చెవి పీకేసి ఇంకోచోట పెడతారు. అదెక్కడో మళ్ళీ రెండేళ్ళు వెతకాలి. కనుక ఏం జరుగుతుందంటే, చేతకాని యాట్‌వాడొకడు సరదా పడవేసుకుని సెలవులకి వస్తాడు. వాడి లంగరు నిలవదు. రేవంతా ఈడ్చుకుంటూ తిరుగుతాడు. జనం నవ్వుతారు. నవ్వేవాళ్ళు అనుమానించరు."

పందెంలో ఓడిపోతే రెండు రోజులు అన్నం మానేసే మనిషి ఇవాసె.

"లంగరు కొక్కెంలో మనవాళ్ళు చిన్న కాయిల్ దాచారు. తీగ దగ్గరికొస్తే కేబిన్‌లో రేడియో సూది ఊగుతుంది. ఎల్లుండి సబ్‌మెరైన్ వచ్చే ముందు ఆ తీగని లంగరుతో తగిలించి తెంపెయ్. చేతకానివాడు చేసిన ప్రమాదం. వాడు నిన్ను తిట్టుకుంటాడు. మనల్ని అనుమానించడు."

"ఒక్కణ్ణే వెళ్ళాలా?"

"నీ భార్య వస్తుంది."

"నాకు పెళ్ళి కాలేదు సార్."

"పొద్దున అయింది," అని అరిముర బెల్లు నొక్కాడు.

వచ్చిన మనిషి పేరు షిహో. ఒకప్పుడు ఒసాకా క్లబ్బుల్లో పాటలు పాడేది. ఆమె నడిచి వస్తే గదిలో ఫ్యాను కూడా మెల్లగా తిరిగినట్టుంటుంది. పరాయివాళ్ళు ఆమెను తమ మనిషే అనుకుంటున్నారు. నాలుగేళ్ళుగా వాళ్ళ డబ్బు తీసుకుంటూ వాళ్ళ సంగతులు అరిమురకి చేరవేస్తోంది. నగిషిమలో టేపు అందుకుని తెమ్మని వాళ్ళు ఈసారి ఆమెకే చెప్పారు. ఇచ్చేది ఎవరో చెప్పలేదు. కోడ్ మాట మాత్రం చెప్పారు. పులుపు లేని నారింజలు దొరుకుతాయా అని దీవిలో అడుగుతూ పోవాలి. పుల్లనివే ఎక్కువ రోజులు నిలవుంటాయి అని ఎవరంటే వాళ్ళే మనిషి. సబ్‌మెరైన్ దాటాక, మధ్యాహ్నం.

ఆమె వెళ్ళాక ఇవాసె అడిగాడు. "ఆవిణ్ణి నమ్మొచ్చా సార్?"

"సగం."

"ఏ సగం?"

"అది తెలిస్తే నీకు చెప్పకపోదునా?"

* * *

పడవ ఒనొమిచిలో సిద్ధంగా ఉంది. తెల్లటి చిన్న పడవ. దాని వెనక 'ఒషిదొరి' అని కొత్తగా రంగుతో రాశారు. జక్కవల జంట అని అర్థం. అది చూసి షిహో నవ్వింది. ఇవాసె నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి నగిషిమ కనిపించింది. కొండవాలుకి అంటుకున్న నల్లపెంకుల ఇళ్ళు, వాటి పైన నారింజ తోటలు, కింద రాతి కట్ట చేతుల మధ్య పిడికెడంత రేవు. చేపల సొసైటీ షెడ్డు, దాని పక్కన ఐస్ ప్లాంట్, గట్టు పొడుగునా పాత టైర్లు. వల బాగుచేసుకునేవాళ్ళు అప్పటికే తలలెత్తి చూస్తున్నారు.

ఆ సముద్రంలో చిన్న రేవుల్లో పద్ధతి ఒకటే. గట్టుకి దూరంగా ఉండగానే పడవ వెనకనుంచి లంగరు జార్చాలి. ముక్కు గట్టుకి తగిలేలోపు లంగరు తాడు బిగబట్టి పడవని ఆపాలి. ముందున్నవాళ్ళు తాడుతో గట్టు మీదకి దూకాలి. ఇవాసె నిద్రలో కూడా చేయగలడు.

ఇప్పుడు మెలకువలో ఉండి, పాడుచెయ్యాలి.

లంగరు మరీ దగ్గరగా జార్చాడు. తాడు సరిపడా వదల్లేదు. అది బురదలో పట్టు దొరక్క కుక్కపిల్లలా వెనకాలే వచ్చింది. పడవ ముక్కు వెళ్ళి టైరుకి ధడాలున తగిలింది. గట్టంతా గొల్లుమంది.

"ఏమయ్యోయ్! లంగరు వేస్తున్నావా, వంకాయ నారు నాటుతున్నావా?" అని కేక వేసింది నడుం వంగిన ముసలావిడ. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తలకి పువ్వుల గుడ్డ. పేరు ఓతకె. భర్త పోయినా ఆయన ఆక్టోపస్ పడవ తనే నడుపుకుంటోంది.

"ఏవండీ!" షిహో పడవ ముందునుంచి వెనక్కి తిరిగి, ఊరంతటికీ వినిపించేలా మొదలెట్టింది. "నేను ముందే మొత్తుకున్నాను కదండీ, రైల్లో పోదామని!"

"దీవికి రైలేంటమ్మా?" అన్నాడెవరో.

"ఈయన చేతిలో పడవకంటే అదే ముందొస్తుందండీ!"

మళ్ళీ నవ్వులు. ఇవాసె చెవులు ఎర్రబడ్డాయి. దానికి నటన అక్కర్లేకపోయింది. వెనక్కి వెళ్ళాడు. లంగరుతో రేవు ఎడమవైపంతా దున్నాడు. సూది కదల్లేదు. రెండోసారి మధ్యలో దున్నాడు. సూది కదల్లేదు. ఎండ నెత్తిమాడుస్తోంది. చేతుల్లో తాడు ఏ క్షణం బిగుసుకుంటుందోనని కాచుకుని ఉన్నాడు.

"ఆ పిల్లకివ్వవయ్యా చుక్కాని! నువ్వు ముందుకెళ్ళి అందంగా కూర్చో!"

మూడోసారి కుడివైపు, ఐస్ ప్లాంట్ ముందునుంచి వచ్చాడు. కేబిన్ తలుపు సందులోంచి చూస్తుండగానే రేడియో సూది ఒక్కసారి అటు చివరికి ఎగిరి కొట్టుకుంది.

"అటు కాదు! అటు వెయ్యకండి సార్! తీసెయ్యండి!"

ఐస్ ప్లాంట్‌లోంచి తడి ఏప్రన్‌తో ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. గుండ్రటి మొహం, తలకి చుట్టిన తువ్వాలు. "కింద మా ప్లాంట్‌కి నీళ్ళొచ్చే పైపుంది! పగులుతుంది!"

"అయ్యో, క్షమించండి! నాకు తెలీదు!" అని చేతులు జోడించాడు ఇవాసె. తాడు మాత్రం వదల్లేదు. లంగరు అప్పటికే ఎక్కడో ఆగింది.

ఆ మనిషి కాసేపు నీళ్ళవైపు చూసి, తర్వాత అందరితో పాటు నవ్వాడు. "సరేలెండి, నిలిచింది కదా. కదపకండి ఇక. నేనే తాడు పట్టుకుంటా, విసరండమ్మా!"

ఊరంతా నవ్వుతున్నప్పుడు మొదట అతనొక్కడే నవ్వలేదు. ఇవాసె ఆ సంగతి మనసులో వేసుకున్నాడు.

ఆటు తీసి నీళ్ళు బాగా దిగిపోయాయి. పడవ గట్టుకి నిలువెత్తు కిందుంది. నాచు, ఆల్చిప్పలు పట్టిన ఇనప నిచ్చెన మీదుగా ఎక్కితే పైన ఓతకె చెయ్యి అందించింది.

"రాత్రికి తాడు వదులుగా ఉంచుకో నాయనా. లేకపోతే పొద్దుటికి నీ పడవ గోడకి బల్లిలా వేలాడుతుంది. ఏ ఊరు మీది?"

"కోబె, అమ్మమ్మా."

"అక్కడ సముద్రం లేదా?"

ఊళ్ళో ఉన్న ఒక్క హోటల్లో ఆక్టోపస్ కలిపిన అన్నం పెట్టారు. తింటుండగా ఐస్ ప్లాంట్ మనిషే రెండు గిన్నెల్లో కోరిన ఐస్ తెచ్చి ముందు పెట్టాడు. "అరిచానని ఏమీ అనుకోకండి సార్. నా పేరు కుగా. ఊళ్ళో చల్లగా ఉండేవాణ్ణి నేనొక్కణ్ణే." అందరూ నవ్వారు. పిల్లలు అతని ఏప్రన్ పట్టుకుని వేలాడుతున్నారు. మంచివాడని పేరున్న మనిషి.

షిహో విసనకర్ర జారి కిందపడింది. కుగా వంగి తీసిచ్చాడు. ఇద్దరి చేతులూ దాని మీద ఒక క్షణం ఎక్కువే ఆగాయి. అది ఇవాసె కంటపడింది.

పడవలోకి తిరిగొచ్చాక అన్నాడు. "అతనే."

"ఎవరు?"

"ఐస్ మనిషి. పైపుకి సూది ఊగదు."

"అయితే అతనే," అంది షిహో, చెవి రింగులు తీస్తూ. గొంతులో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా?"

"నాకు కోడ్ మాట తెలుసు. అంతే."

"విసనకర్ర?"

"జారింది." ఆమె దీపం వైపు చూస్తూ కూర్చుంది. వేళ్ళు బల్ల మీద ఏదో పాట తాళం వేస్తూనే ఉన్నాయి. ఆగట్లేదు. ఆమెకీ నిద్ర రాదని ఇవాసెకి అర్థమైంది. ఎందుకు రాదో మాత్రం తెలీలేదు.

* * *

పొద్దున గాలి చచ్చిపోయింది. నీళ్ళు నూనెలా ఉన్నాయి. ఇవాసె చేతికి పని దొరక్క, చుట్టిన తాడునే విప్పి మళ్ళీ చుట్టాడు. సబ్‌మెరైన్ రావడానికి ఇంకా కొంచెం టైముంది. లంగరు లాగే ముందు చెబుదామని కేబిన్‌లోకి తొంగిచూశాడు.

షిహో లేదు.

పైకొచ్చి చూశాడు. గట్టు మీద లేత నీలం గొడుగు కదులుతూ పోతోంది. హోటల్ వైపు కాదు, కొట్టు వైపు కాదు. నేరుగా ఐస్ ప్లాంట్ వైపు.

తలుపు తీసింది కుగానే. ఆమె ఏదో అడిగింది. అతనేదో అన్నాడు. గొడుగు మూసి లోపలికెళ్ళింది. తలుపు పడింది.

ఆమె వెళ్ళాల్సింది మధ్యాహ్నం. సబ్‌మెరైన్ దాటాక. ఇప్పుడెందుకు వెళ్ళింది?

సగం నమ్మమన్నాడు అరిముర. ఆ సగం ఇదేనా, రెండోదా? ఇవాసె నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. పరిగెత్తికెళ్ళి తలుపు బద్దలు కొట్టొచ్చు. కొడితే మనిషి దొరుకుతాడు. తీగ అలాగే ఉంటుంది, టేపు తిరుగుతూనే ఉంటుంది, డెబ్బై మంది వేలిముద్ర వెళ్ళిపోతుంది. కాలు వెనక్కి తీశాడు. ఆమె తనను అమ్మేసి ఉంటే ఈపాటికి కుగా బయటికొచ్చి పడవవైపు చూడాలి. కిటికీ దగ్గర కూడా ఎవరూ లేరు.

ఆ ఒక్క ఊహనే పట్టుకుని లంగరు తాడు లాగడం మొదలెట్టాడు.

లంగరు బురదలో కొంత జరిగి టక్కున ఆగింది. లోపల సూది పిచ్చెత్తినట్టు కొట్టుకుంది. తీగ తగిలింది! తాడుని వించ్ చక్రానికి చుట్టి బలమంతా పెట్టి తిప్పాడు. పడవ వెనకభాగం నీళ్ళలోకి కుంగింది. ఇంకా తిప్పాడు. తీగ తెగలేదు. ఉక్కు తొడుగున్న తీగ అని అరిముర మనుషులెవరూ చెప్పలేదు. అరచేతులు చీరుకుపోయాయి.

"ఏంటయ్యా, సముద్రం అడుగు ఊడబీకుతున్నావా?"

డబడబమని చప్పుడు చేసుకుంటూ ఓతకె ఆక్టోపస్ పడవ రేవులోకొచ్చి పక్కనే ఆగింది. ఆక్టోపస్‌లు చిక్కే మట్టికుండలు నీళ్ళలోంచి ఎత్తుకుని తిరిగొస్తోంది.

"లంగరు దేనికో ఇరుక్కుంది అమ్మమ్మా."

"ఇరుక్కోకపోతే ఆశ్చర్యపోవాలి గానీ! ఆ తాడిలా పడెయ్. నువ్వూ ఇటు దూకు. పడతావు, జాగ్రత్త."

ఆమె వించ్ ఏనుగులాంటిది. కుండలు కట్టిన మైళ్ళ తాళ్ళు లాగినది. లంగరు బుడగలు కక్కుతూ పైకొచ్చింది. కొక్కెం మీద అడ్డంగా నల్లటి తీగ.

"ఓరి నీ మొహం మండా! కుగా వేడి కొలిచే తీగ లాగావు కదయ్యా."

"వేడి?"

"సముద్రం ఎంత వేడెక్కిందో చూసుకుంటాడట, ఐస్‌కి. కిందటేడు నా తాళ్ళకి తగిలితే ఏడుపొక్కటే తక్కువ. పట్టు, తప్పించి వదిలేద్దాం."

వదిలేస్తే మైక్ జలసంధిలో ఉన్నచోటే ఉంటుంది. ఇవాసె కళ్ళు అప్రయత్నంగా రేవు బయటికి వెళ్ళాయి. కొండకొన అవతల నీళ్ళ మీద నల్లటి గీత. దూరంగా ఉంది, కానీ వస్తోంది.

తీగ తెంపలేడు. కానీ చెవినే లేపేస్తే?

"అమ్మమ్మా, ఒక్క మాట," అన్నాడు గొంతు దిగజార్చి. "నిన్న నన్ను చూసి ఊరంతా నవ్వింది. ఇప్పుడు ఆయన పరికరం విరిచానని తెలిస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. చివరిదాకా లాగి, అది బాగానే ఉందో లేదో ఒక్కసారి చూద్దాం. మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేద్దాం."

ఓతకె అతన్ని ఎగాదిగా చూసింది. "మా ఆయనా ఇంతే. తుఫానుకి భయపడేవాడు కాదు, నాకు భయపడేవాడు," అని మురిసిపోతూ పడవని రేవు బయటికి తిప్పి, తీగ బయటివైపు కొసని వించ్‌కి ఎక్కించింది.

* * *

ఐస్ ప్లాంట్ లోపల చలికి గోడలు చెమర్చాయి. కంప్రెసర్ హోరులో గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు. మంచు దిమ్మల వెనక చిన్న గది, గదిలో టేపు యంత్రం.

"పుల్లనివే ఎక్కువ రోజులు నిలవుంటాయి అన్నాను కదండీ," కుగా చేతులు నలుపుకున్నాడు. "మరి మధ్యాహ్నం కదా మీరు రావాల్సింది?"

"నేనెప్పుడు రావాలో నువ్వు చెప్తావా?" షిహో మొహంలో నిన్నటి గయ్యాళి పెళ్ళాం లేదు. "నిన్న గట్టు మీద అరిచిందెవరు?"

"అది... పైపు పగులుతుందేమోనని..."

"ఊరంతా నవ్వుతుంటే నువ్వొక్కడివే ఏడుపు మొహంతో పరిగెత్తుకొచ్చావు. అది చూడకూడనివాళ్ళు చూసి ఉంటే? నన్ను టేపు కోసమే పంపారనుకుంటున్నావా? నిన్ను ఉంచాలా, తీసెయ్యాలా తేల్చమన్నారు."

కుగా మంచు దిమ్మ మీదే కూలబడ్డాడు. చలి తెలుస్తున్నట్టు లేదు. "నాకు పిల్లలున్నారండీ."

"అందరికీ ఉంటారు."

"మీ ఆయనే కదండీ అక్కడ లంగరు..."

"నా మొగుడా? వాడికి పడవ ముందేదో వెనకేదో తెలీదు. ఇంతకంటే మంచి ముసుగు నాకెక్కడ దొరుకుతుంది?"

కుగా గడియారం చూసి లేచాడు. మీట నొక్కాడు. టేపు చక్రాలు తిరగడం మొదలెట్టాయి. ఇయర్‌ఫోన్ల కోసం చెయ్యి చాచాడు.

ఆమె ముందే అందుకుంది. "ఇవాళ నేను వింటాను."

పెట్టుకుంది. మొదట గరగరమని రాపిడి. తర్వాత, డబడబడబడబ.

పాటలు పాడిన చెవి అది. మోసపోదు. ఇది సబ్‌మెరైన్ కాదు. ఏ జన్మలోనూ కాదు. నిన్న సాయంత్రం రేవులో విన్న ముసలి డీజిల్ ఇంజను. బయట ఇవాసె ఏం చేశాడో ఆమెకి తెలీదు. ఏదో చేశాడని మాత్రం తెలిసింది. పొట్టలోంచి పొంగుకొస్తున్న నవ్వుని పళ్ళ మధ్య నొక్కిపట్టింది.

"ఎలా ఉందండీ?"

"స్పష్టంగా ఉంది."

కుగా యంత్రం మీది ముల్లు చూశాడు. అది ఎర్రగీత మీద పడి కొట్టుకుంటోంది. "ఇంత గట్టిగా ఎప్పుడూ రాలేదే! ఒక్కసారి నేనూ..."

"ముట్టుకోకు. కొత్త సబ్‌మెరైన్ కదా," అంది షిహో. "బలంగానే ఉంటుంది."

* * *

ఓతకె పడవ వెనకాల, నీళ్ళలో బారెడు లోతున నల్లటి గొట్టం వేలాడుతోంది. దాని పక్కనే పడవ ప్రొపెల్లర్.

"బాగానే ఉంది కదా. తృప్తేనా?" అంది ఓతకె.

"గాలి తగిలితే పాడవుతుందేమో. నీళ్ళలోనే ఉంచి మెల్లగా తీసుకెళ్దాం అమ్మమ్మా. ఇంకొంచెం అటు."

"అటేముంది?"

"మొదట అక్కడే ఉండేదేమో."

"నీకెలా తెలుసు?" ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "చాల్లే, ఎక్కడైనా సముద్రమే. ఇంజను ఆపి ఇక్కడే దింపేస్తా."

కొండకొన చాటునుంచి సబ్‌మెరైన్ బయటికొచ్చింది. నల్లగా, నున్నగా, నీళ్ళు చీల్చుకుంటూ. పైన బురుజు మీద ఇద్దరు నావికులు. ఇక ఇంజను ఆగిందంటే ఈ సముద్రంలో వినపడేది ఆ ఒక్క చప్పుడే.

ఓతకె చెయ్యి ఇంజను మీట మీదకి వెళ్ళింది.

చెప్పడానికి మాట లేదు, పట్టుకుని ఆపడానికి హక్కు లేదు. ఇవాసె పడవ అంచు మీదకెక్కి, కాలు జారినట్టు చేతులు రెండూ పైకెత్తి వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు.

"అమ్మమ్మా! ఈత రాదు!"

"ఓరి దేవుడో!" ముసలావిడ మీటని ఆపేవైపు కాదు, చివరిదాకా ముందుకి తోసింది. ఇంజను గర్జించింది. పడవ నురగలు కక్కుతూ గుండ్రంగా తిరిగింది. ఆమె విసిరిన తాడు అతని చేతికి అందింది. అందిన తాడుని అతను వదిలేశాడు. పడవ ఇంకో చుట్టు తిరిగింది. మళ్ళీ అందింది. మళ్ళీ వదిలేశాడు.

"పట్టుకోవడం కూడా రాదురా నీకు!"

రాతి కట్ట మీద ఊరంతా చేరి కేకలు పెడుతోంది. సబ్‌మెరైన్ బురుజు మీది నావికుల్లో ఒకడు ఇటువైపు వేలు చూపించి రెండోవాడితో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. కుర్రవాళ్ళు. ఒకడికి మీసం కూడా సరిగ్గా రాలేదు. ఇవాసె ఉప్పునీళ్ళు మింగుతూ, వాళ్ళ నల్లటి నావ అవతలి దీవి చాటుకి పోయేదాకా శ్రద్ధగా మునుగుతూనే ఉన్నాడు.

అప్పుడు తాడు పట్టుకున్నాడు.

గొట్టాన్ని దింపేసి గట్టుకి చేరాక, నీళ్ళు కారుతూ నిచ్చెన ఎక్కిన మొగుణ్ణి చూసి షిహో నెత్తి కొట్టుకుంది. ఆమె గడ్డి సంచిలో నారింజపళ్ళున్నాయి. వాటి కింద టేపుంది. "ఏవండీ, మిమ్మల్ని ఒక్క గంట ఒంటరిగా వదలకూడదా?"

ఊరు ఊరంతా తాళ్ళు విప్పి పంపించింది. ఎవరో ఎండిన ఆక్టోపస్ పెట్టారు. ఓతకె పొడి తువ్వాలొకటి మెడకి చుట్టింది. "ఇంటికెళ్ళి ఒడ్డు మీద ఏదన్నా ఉద్యోగం చూసుకో నాయనా. అందరికీ అన్నీ రావు." వెనక్కి తిరిగి, ఐస్ ప్లాంట్ గుమ్మంలో నిలబడ్డ కుగాకి వినపడేలా, "నీ తీగ లాగాడయ్యా ఈ మహానుభావుడు! నేనే మళ్ళీ దింపాన్లే, బాగానే ఉంది!" అని అరిచింది.

కుగా మొహం తెల్లటి ఐస్ అయింది. నోరు తెరిచాడు. షిహో అతనివైపు చూసి, చిన్నగా తల ఊపింది. నోరు మూసుకున్నాడు. ఆ టేపు మీద ఏముందో అతను ఊహించి ఉంటాడు. కానీ పైవాళ్ళకి చెప్తే ముందు తెగేది తన పీకే. చెప్పలేదు. ఎప్పటికీ చెప్పడు.

రేవు దాటాక కాస్త గాలి లేచింది. ఇవాసె తెరచాప ఎత్తాడు. రెండు రోజుల తర్వాత చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"అతను పొద్దుట్నుంచి కిటికీలోంచి నీ తాడునే చూస్తున్నాడు. అక్కణ్ణించి తప్పించాలని వెళ్ళాను. నీకు చెప్తే నీ మొహం మీద కనిపించేసేది. నీకు లంగరు రాదంటే ఊరు నమ్మింది గానీ, అబద్ధం వచ్చంటే ఎవరూ నమ్మరు."

"అమ్మేశావనుకున్నాను."

"తెలుసు. మరి ఎందుకు ఆగలేదు?"

"కుగా బయటికి రాలేదు కనక."

"అంతేనా?"

ఇవాసె తెరచాప తాడు సవరించాడు. సవరించాల్సిన అవసరం లేదు. "అంతే," అన్నాడు.

షిహో నారింజ వలుస్తూ నవ్వింది. "సగం అబద్ధం."

టేపు పరాయివాళ్ళకి చేరింది. అరిమురే చేరనిచ్చాడు. కుగాని ఎవరూ ముట్టుకోలేదు. అతను ఇప్పటికీ పిల్లలకి ఐస్ కోరి పెడుతున్నాడు. అతను ఎవరితో మాట్లాడుతున్నాడో చూడటానికి ఊళ్ళోకి కొత్త పోస్ట్‌మాన్ వచ్చాడు.

ఆకులు రాలే రోజుల్లో అరిముర ఇవాసెని పిలిపించాడు. మొదటిసారి అతని కళ్ళలోకి చూసి మాట్లాడాడు.

"వాళ్ళ ఇంజనీర్లు మూడు నెలలు కొట్టుకున్నారు. చివరికి తేల్చారు. మన కొత్త సబ్‌మెరైన్ తన చప్పుడుని పాత చేపల పడవలా మార్చుకోగలదట. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని టెక్నాలజీ అని మెచ్చుకుంటున్నారు."

"మంచిదే కదా సార్."

"మంచిదే. నగిషిమ సొసైటీ నుంచే ఒక ఫిర్యాదు వచ్చింది. ఏదో పరాయి దేశపు పెద్ద చేపల ట్రాలర్ మూడు రోజులుగా ఓతకె గారి పడవ వెనకే తిరుగుతోందట. ఆవిడ ఎటు తిరిగితే అటు. ఆగితే ఆగుతోందట."

"భయపడుతోందా సార్?"

"లేదు," అన్నాడు అరిముర, చూపు మళ్ళీ గుండీల మీదకి దించుకుంటూ. "ఆ వెంటపడేవాడు పెళ్ళయినవాడో కాదో కాస్త కనుక్కుని చెప్పమంటోంది."